ఒక అమానత్, డెబ్బై ఒక్క ఏళ్ల ముఖద్దమా

2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టులో జస్టిస్ మార్కస్ స్మిత్ ఇచ్చిన ఫైసలా మన పత్రికల్లో మొదటి పేజీకెక్కింది. 1948 నుంచి ఒక ఇంగ్లీషు బ్యాంకులో తాళం పడి ఉన్న హైదరాబాద్ నిజాం డబ్బు పాకిస్తాన్‌ది కాదు, నిజాం వారిసులకీ హిందుస్తాన్ సర్కారుకీ చెందుతుందని ఆయన చెప్పాడు. అప్పటికి ఆ రఖం సుమారు 3.5 కోట్ల పౌండ్లు. మన లెక్కలో మూడు వందల కోట్ల రూపాయల పైమాటే.

ఆ వారం కాకినాడలో నన్ను ఆపి అడిగిన వాళ్లకు లెక్కలేదు. "భాయ్, అందులో మన కోస్తా ముసల్మాన్లకేమన్నా హిస్సా వస్తుందా?" నవ్వులాటకే అడిగారు. కానీ ఆ నవ్వులాటలో కొంచెం తారీఖ్ ఉంది. ఈ గోదావరి జిల్లాలూ ఒకప్పుడు నిజాం లెక్కల పుస్తకంలోవే. ఉత్తర సర్కారులని మనం బళ్లో చదువుకున్నాం కదా, వాటిని 1766లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ కట్టాలి. 1823లో కంపెనీ ఆ బాకీని కూడా ఒకేసారి కొనేసి నిజాం హక్కు పూర్తిగా తెంచేసింది. కనుక మన హిస్సా ఎప్పుడో చెల్లిపోయింది. హైదరాబాద్ వాళ్ల సంగతే తేలాల్సి వచ్చింది, అదీ పరాయి ముల్కు అదాలత్‌లో.

ఈ కథను చాలామంది "నిజాం పైసలు దొరికాయి" అన్న ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ వెంటనే జాకబ్ వజ్రాన్ని పేపర్ వెయిట్‌గా వాడాడన్న ఖిస్సా కూడా. ఆ ఖిస్సాలు మనకొద్దు. ఒకడి చేతిలో పెట్టిన డబ్బు సరిహద్దు దాటాక, అది ఎవరిదో అందరికీ తెలిసి ఉన్నా, తిరిగి రావడానికి డెబ్బై ఒక్క ఏళ్లు ఎందుకు పట్టిందన్నది నాకు ముఖ్యం.

1948 సెప్టెంబర్ 13న హిందుస్తాన్ ఫౌజు హైదరాబాద్ రియాసత్‌లోకి అడుగు పెట్టింది. దాన్నే పోలీస్ యాక్షన్ అన్నారు. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న హైదరాబాద్ సేనాపతి ఎల్ ఎడ్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయాడు. అయిదు రోజుల్లో రెండు వందల ఏళ్ల హుకూమత్ ఖతం.

ఆ రోజుల్లోనే నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ దేశంలో లేడు. హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫరియాదు చెప్పుకునే బృందానికి నాయకుడిగా యూరప్‌లో ఉన్నాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాద్ సర్కారు ఖాతా ఉంది, దాన్ని నడిపే ఇఖ్తియార్ ఆయనకుంది. లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా హబీబ్ ఇబ్రహీం రహీంతులా ఉన్నాడు. ఈ డబ్బు మీ పేరున ఉంచుకోండి అని మొయిన్ నవాజ్ జంగ్ ఆయన్ని కోరాడు. రహీంతులా తన విదేశాంగ మంత్రి అనుమతి తీసుకుని సరేనన్నాడు. సెప్టెంబర్ 20న 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు హైదరాబాద్ ఖాతా నుంచి రహీంతులా పేరున ఉన్న ఖాతాలోకి వెళ్లాయి. అప్పటి రేటులో కోటీ ముప్పై నాలుగు లక్షల రూపాయలు.

తారీఖులు మళ్లీ ఒకసారి చూడండి. లొంగుబాటు 18న జరిగింది, డబ్బు కదిలింది 20న. ఏ హుకూమత్ పేరున ఆ ఖాతా ఉందో ఆ హుకూమత్ చేతులెత్తేసి రెండు రోజులైంది. లండన్‌లో మాత్రం దాని మంత్రి దస్తఖత్ ఇంకా చెల్లుతోంది. బ్యాంకు గుమాస్తాకు కావలసింది దస్తఖత్ నమూనాతో సరిపోవడమే కదా! సల్తనత్ ఉందా పోయిందా అన్నది వాడి పని కాదు.

సెప్టెంబర్ 27న నిజాం నుంచి బ్యాంకుకు కబురు వెళ్లింది. ఆ బదిలీ నా ఇజాజత్ లేకుండా జరిగింది, డబ్బు నా ఖాతాలో తిరిగి వేయండి అని. బ్యాంకు కుదరదంది. ఇప్పుడు ఖాతాదారు రహీంతులా, ఆయన ఒప్పుకుంటే తప్ప మేం ఇవ్వలేం అంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ కబురు నిజాం సొంత మనసుతో పంపిందా, లేక చౌదరిగారి ఫౌజు కోఠీ బయట నిలబడి ఉండగా పంపిందా? పాకిస్తాన్ మొదటి నుంచి రెండో మాటే చెప్పింది. అదే నిజమైతే 20వ తారీఖు బదిలీ నిజాం ఇష్టంతో జరిగిందనుకోవాలి. అంటే పడిపోతున్న ఒక రాజు తన ఖజానాను శత్రువు చేతికి చిక్కకుండా బయట దాచుకున్నాడన్నమాట. నిజాం మాటే నిజమైతే ఆయన నౌకరు ఒకడు యజమానికి తెలియకుండా ఖజానా ఎత్తి మరో దేశం చేతిలో పెట్టాడు. మన మాటలో అది అమానత్‌లో ఖయానత్.

నేను ఉర్దూ మీడియం బళ్లో చదివాను. అమానత్ అన్న మాట మాకు ముందు దీనియాత్ పీరియడ్‌లో వచ్చింది, తర్వాత జీవితంలో. హిజ్రత్ రాత్రి రసూలుల్లాహ్ మక్కా విడిచి వెళ్తూ, తన దగ్గర జనం దాచుకున్న వస్తువుల్ని వాళ్లకి అప్పజెప్పి రమ్మని హజ్రత్ అలీని వెనక ఉంచిన సంగతి మీ ఇళ్లలో చిన్నపిల్లలకీ తెలుసు. దాచుకున్న వాళ్లలో ఆయన ప్రాణం తీయాలని చూసిన తెగల వాళ్లూ ఉన్నారు. దుష్మన్ సొమ్ము కదా, ఉంచేసుకుందాం అనే వాదన అక్కడ లేదు. డిగ్రీలో తెలుగు చదివినప్పుడు ఇదే అర్థానికి "ఇల్లడ" అనే అచ్చ తెలుగు మాట దొరికింది. ఒకరి దగ్గర నమ్మకంతో ఉంచిన సొమ్ము. ఇప్పుడెవరూ వాడడం లేదు. కోర్టు తెలుగులో మాత్రం మన ఉర్దూయే ఇంకా రాజ్యమేలుతోంది: దావా, వకాల్తా, జామీను, జప్తు, రాజీ, ముద్దాయి, హాజరు. కాకినాడ జిల్లా కోర్టు ఆవరణలో ఒక గంట నిలబడితే మా ఉర్దూ సార్ చెప్పిన పాఠం సగం వినబడుతుంది.

సరే, లండన్‌కి వద్దాం. 1954లో నిజాం, హైదరాబాద్ రాష్ట్రం కలిసి అక్కడ దావా వేశారు. అప్పటికి నిజాం రాజప్రముఖ్. బ్యాంకు మీదా రహీంతులా మీదా దావా. కింది కోర్టులో ఒకలా, అప్పీలు కోర్టులో ఇంకోలా తేలి, చివరికి 1957 నవంబర్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దగ్గర ఆగింది. డబ్బు ఎవరిదన్న సవాలుకు లార్డులు జవాబివ్వలేదు. అసలు ఆ సవాలులోకే వెళ్లలేదు. రహీంతులా పాకిస్తాన్ ప్రతినిధిగా ఆ డబ్బు తీసుకున్నాడు, కనుక ఆయన మీద దావా అంటే స్వతంత్ర దేశమైన పాకిస్తాన్ మీద దావా, ఒక దేశాన్ని దాని ఇష్టం లేకుండా మా కోర్టుకు ఈడ్చలేం అన్నారు. అంతే. లార్డ్ డెన్నింగ్ ఒక్కడు ఈ రక్షణకు హద్దులుండాలని వేరుగా రాశాడు, తక్కినవాళ్లు ఆ మాటతో మాకు సంబంధం లేదన్నారు. రహీంతులా వర్సెస్ నిజాం ఆఫ్ హైదరాబాద్ అన్న ఈ కేసు న్యాయశాస్త్రం చదివే వాళ్లకు ఇప్పటికీ పాఠమే.

ఈ ఫైసలాతో డబ్బు ఎవరికీ దక్కని చోట ఇరుక్కుపోయింది. పాకిస్తాన్ కోర్టుకు రానంటుంది కనుక నిజాం గెలవలేడు. ఖాతా మీద తగాదా ఉంది కనుక బ్యాంకు పాకిస్తాన్‌కీ ఇవ్వదు. బ్యాంకు మాత్రం సుఖంగా ఉంది. వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు తర్వాత నాట్‌వెస్ట్ అయింది, రహీంతులా ఇంకెన్నో పదవులు చూశాడు, నిజాం 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశాడు. పోయేముందు ఆ డబ్బు మీద తన హక్కును మనవళ్ల పేరునా, హిందుస్తాన్ రాష్ట్రపతి పేరునా కాగితాలు రాశాడు. ఒకే సొమ్ముకు రెండు రకాల కాగితాలు. తర్వాతి నలభై ఏళ్లలో చెప్పుకోదగ్గది, 2008లో ఢిల్లీ సర్కారు కోర్టు బయట రాజీకి ప్రయత్నిద్దామని నిర్ణయించడం. అదీ సాగలేదు.

అన్నట్టు, పది లక్షల పౌండ్లు మూడున్నర కోట్లయింది దేనివల్ల? సూద్ వల్ల. డెబ్బై ఒక్క ఏళ్లకు లెక్కేస్తే ఏడాదికి సుమారు 5 శాతం, వడ్డీ మీద వడ్డీ. కోర్టుకు చేరిన సొమ్ములో నూటికి తొంభై ఏడు పాళ్లు అదే. ఈ మసలా మన ఆలిమ్‌లను ఎవరైనా అడిగారో లేదో గానీ, అడిగుంటే ఈ ముఖద్దమా ఇంకో డెబ్బై ఏళ్లు నడిచేది.

తాళం తీసింది పాకిస్తానే. 2013లో ఆ ఖాతా సొమ్ము మాకివ్వండి అంటూ తానే బ్యాంకు మీద లండన్‌లో దావా వేసింది. ఏ దేశాన్ని కోర్టుకు ఈడ్చలేమని 1957లో లార్డులు అన్నారో, ఆ దేశం తన కాళ్లతో తానే కోర్టులోకి నడిచొచ్చింది. దాంతో యాభై ఆరేళ్ల రక్షణ కవచం ఊడిపోయింది. తప్పు తెలుసుకుని దావా ఉపసంహరించుకుంటామంది, 2015లో జస్టిస్ హెండర్సన్ ఒప్పుకోలేదు. తలుపు తీశాక మూయనివ్వం అన్నట్టు. ఏ వకీల్ సలహా మీద ఆ దావా పడిందో గానీ, నిజాం తరఫు వకీళ్లందరూ కలిసి యాభై ఏళ్లలో చేయలేని పని ఆయన ఒక్కడూ చేసిపెట్టాడు.

2018లో హిందుస్తాన్ సర్కారు, నిజాం మనవళ్లు ముకర్రం జా, ముఫఖం జా తమలో తాము రాజీకి వచ్చి ఒక పక్షమయ్యారు. 2019 జూన్‌లో విచారణ జరిగింది. పాకిస్తాన్ ముఖ్యంగా రెండు వాదనలు తెచ్చింది. మొదటిది ఆయుధాల సంగతి. 1948 వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేశాడు. ఇది కథ కాదు, ఆయన మీద బ్రిటన్‌లో కేసు నడిచి జుర్మానా కూడా పడింది. ఆ ఆయుధాల విషయంలో తాము చేసిన సాయానికి బదులే ఈ డబ్బు అంది పాకిస్తాన్. రెండోది, హిందుస్తాన్ చేతికి చిక్కకుండా కాపాడమని మాకు ఇచ్చారు అని.

ఈ రెండు వాదనలూ ఒకదాని మీద ఒకటి నిలబడవు. బాకీ కింద ఇస్తే సొమ్ము నీది. కాపాడమని ఇస్తే నీది కాదు, నీ దగ్గర ఉన్నదంతే. జడ్జి చేసింది కూడా ఇంచుమించు ఇదే. ఈ రఖం ఆయుధాల ఖరీదు కింద ఇచ్చిందని చూపించే గవాహీ లేదన్నాడు. రహీంతులా పేరున ఖాతా ఉన్నా అసలు మాలిక్ ఏడో నిజామే, ఆయన కోసం పట్టి ఉంచిన సొమ్మే అన్నాడు. ఇంగ్లీషు చట్టం దాన్ని ట్రస్టు అంటుంది. మనం అమానత్ అంటాం. ఈ తగాదా రెండు దేశాల రాజకీయం, కోర్టు తేల్చేది కాదన్న వాదననూ ఆయన పక్కన పెట్టాడు. పాకిస్తాన్ అప్పీలుకు వెళ్లలేదు. ఆ డిసెంబర్‌లో ఎదుటి పక్షాల ఖర్చుల్లో పెద్ద భాగం భరించమని దానికి హుకుం పడింది.

గమనించారా, ఈ మొత్తం ముఖద్దమాలో "దొంగ" అన్న మాట అవసరం రాలేదు. మొయిన్ నవాజ్ జంగ్ చేసింది నేరమా కాదా అని ఎవరూ తేల్చలేదు. సరిహద్దు దాటిన సొమ్ము విషయంలో ఎప్పుడూ ఇంతే. జుర్మ్ సాబితు చేయడం కంటే పేరు ఎవరిది, మాలిక్ ఎవరు, ఏ దేశపు రక్షణ అడ్డం ఉంది అన్నవే బరువైన తాళాలు. ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ 1986లో పారిపోగానే స్విట్జర్లాండ్ అతని ఖాతాలను స్తంభింపజేసింది. ఆ సొమ్ము ప్రజలదేనని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 2003లో. పదిహేడేళ్లు. అంతర్జాతీయంగా ఇలాంటి సొమ్ము వెనక్కి ఇవ్వడం ఒక మూల సూత్రమని ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడికలో రాసుకున్నది కూడా 2003లోనే. మన దేశం దాన్ని 2011లో ఆమోదించింది.

రాజుల సొమ్ము సంగతి మనకెందుకు అనేవాళ్లుంటారు. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయ్, రియాద్ వెళ్లిన ఆడవాళ్లూ మగవాళ్లూ ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఒకరు కన్నుమూస్తే రావలసిన తన్ఖా, బ్యాంకులో ఉన్న నాలుగు దినార్లు ఇంటికి చేరడానికి పడే తిప్పలు పత్రికా విలేఖరిగా నేను దగ్గరగా చూశాను. ఖాతా ఎవరి పేరున? వారిస్ ఎవరు? ఆ కాగితాన్ని ఆ దేశం నమ్ముతుందా? ప్రశ్నలు అవే. నిజాం వారిసులకు లండన్ వకీళ్లున్నారు, మన ఖాలాలకు ఎంబసీ ఫోన్ నంబరు ఉంది, అదీ ఎత్తితే.

ఇంకొక ప్రశ్న నన్ను వదలదు. ఆ ఖాతా "హైదరాబాద్ సర్కారు" పేరున ఉండేది. నిజాం సొంత జాగీరును సర్ఫ్-ఎ-ఖాస్ అనేవారు, దాని ఆమదనీ వేరు. రైతు కట్టిన శిస్తు, బజారు కట్టిన సుంకం చేరేది దివానీ ఖజానాకు. సర్కారు ఖాతా అంటే ఆ రెండో సొమ్మే అనుకోవాలి కదా! వరంగల్, నల్లగొండ, గుల్బర్గా, ఔరంగాబాద్ రైతుల చెమట అది. హిందువులదీ ముసల్మాన్లదీ. రాజు నిరంకుశుడు కనుక సర్కారు సొమ్మూ ఆయన సొమ్మూ వేరు కాదని చట్టం చెప్పొచ్చు. హిందుస్తాన్, మనవళ్లు ముందే కలిసిపోయారు కనుక వాళ్లిద్దరి మధ్య తక్సీమ్ కోర్టు ముందుకు రాలేదు. రైతు పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఆ సెప్టెంబర్‌లో పోగొట్టుకున్నవాళ్ల పేర్లూ లేవు. అంతకు ముందు నెలల్లో రజాకార్లు ఊళ్లమీద పడి చేసిన జుల్మ్‌ను ఏ ముసల్మాన్ కూడా దాచిపెట్టకూడదు, నేను దాచను. ఫౌజు వచ్చాక దాని బదలా తీర్చుకున్నది ఎక్కువగా ఏ పాపమూ ఎరగని ముసల్మాన్ ఇళ్లమీద. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో ఊరూరా తిరిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఎక్కువ. దోచిన ఇళ్లు, లాక్కున్న పొలాలు, దుకాణాల సంగతీ అందులో ఉంది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనం చూడగలిగేలా ఉందన్న వార్త వచ్చింది 2013లో. పాకిస్తాన్ లండన్‌లో దావా వేసిన ఏడాదే అది. ఒక సొమ్ముకు తొమ్మిది షిల్లింగులతో సహా లెక్క ఉంది, రెండో సొమ్ముకు పద్దే లేదు.

ఫిలిప్పీన్స్ ఒక పని చేసింది. స్విస్ నుంచి వచ్చిన మార్కోస్ సొమ్ములో వెయ్యి కోట్ల పెసోలు, ఆయన పాలనలో హింసకు గురైన వాళ్లకు పరిహారంగా ఇవ్వాలని 2013లో చట్టం తెచ్చింది. మన దగ్గర అలాంటి మాట పార్లమెంటులో గానీ పత్రికల్లో గానీ వినిపించగా నేను వినలేదు. విన్నదల్లా నిజాం ఖాందాన్‌లో మిగతా వారిసులు మాకూ హిస్సా కావాలని అదే లండన్ కోర్టు తలుపు తట్టడం. 2020లో ఆ ఫరియాదు కొట్టేశారు.

ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో ఇంతెఖాల్ అయ్యారు, హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో పూర్వీకుల పక్కన దఫన్ చేశారు. సర్కారుకూ మనవళ్లకూ మధ్య 2018లో కుదిరిన రాజీనామా కాగితం గోప్యం. ఎవరికెంత దక్కిందో అందులో ఉంది.